స్నేహితుడు ‘బతకాలని లేదు’ అంటే ఏమి చేయాలి: ఆ మాట విన్న క్షణం నుంచి తర్వాతి నెలల వరకు

చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. స్నేహితుడో, స్నేహితురాలో బతకాలని లేదంటున్నారు; ఏమి మాట్లాడాలి, ఎవరికి చెప్పాలి, ఎంతవరకు మన బాధ్యత? హాస్టల్లో పక్క మంచం మీద పడుకునేవారు, ఆఫీసులో పక్క సీటువారు, ఊళ్లో చిన్ననాటి జతగాడు: ఇంట్లోవాళ్లకంటే ముందు ఆ మాట చాలాసార్లు వీళ్ల చెవినే పడుతుంది. అందుకే ఒక వరుసలో పెట్టి రాస్తున్నాను.

స్నేహితుడు వైద్యుడు కానక్కర్లేదు. మీ పని మూడు భాగాలు: ఈ రాత్రి క్షేమంగా గడిచేలా చూడటం, మరో ఇద్దరిని తోడు తెచ్చుకోవడం, ఆ తర్వాత నెలల తరబడి పలకరింపు మానకపోవడం. మొదటిది చేసేవాళ్లు చాలామందే ఉంటారు. మూడోది చేసేవాళ్లు తక్కువ.

ఆ ఆలోచనలు మీకే వస్తుంటే, మిగతాది తర్వాత చదవవచ్చు. ఇప్పుడే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోను సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. స్నేహితుడు ఈ క్షణంలోనే ప్రమాదంలో ఉంటే నేరుగా 4వ భాగానికి వెళ్లండి.

## 1. మాట్లాడటానికి ముందు సిద్ధం చేసుకోవలసినవి

అయిదు నిమిషాల పని. కంగారులో ఉన్నప్పుడు నంబరు వెతుక్కోవడం చాలా కష్టం, కాబట్టి ముందే చేసి పెట్టుకోండి.

- ఫోనులో దాచుకోవలసినవి: 14416, అది కలవకపోతే 1800 891 4416, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108.
- స్నేహితుడు ఉండే చోటు పూర్తి చిరునామా: వీధి, అంతస్తు, రూము నంబరు. అంబులెన్సువారు అడిగేది అదే.
- ఇంట్లోవాళ్లలో కనీసం ఒకరి ఫోను నంబరు, హాస్టల్ అయితే వార్డెన్‌ది కూడా.
- దగ్గరలో మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రి. ప్రభుత్వ వైద్య కళాశాలల బోధనాసుపత్రులలో సాధారణంగా ఈ విభాగం ఉంటుంది. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు అందరికీ తెలిసినవే.
- ఖాళీ సమయం. పావుగంటలో బస్సు ఎక్కాల్సి ఉంటే ఈ సంభాషణ మొదలుపెట్టకండి.

## 2. ఏ మాటల్ని, ఏ మార్పుల్ని పట్టించుకోవాలి

‘నేను లేకపోతే మీకే హాయి’, ‘అందరికీ భారమైపోయాను’, ‘ఇంక నా వల్ల కాదు’. ఇవి మనం రోజూ వినే మాటల్లాగే ఉంటాయి. అందుకే జారిపోతాయి. మాటతోపాటు మార్పు కూడా కనిపిస్తే ఆగి చూడాలి.

- నిద్ర పూర్తిగా చెడిపోవడం, లేదా రోజంతా పడుకునే ఉండటం
- మద్యం హఠాత్తుగా పెరగడం
- ఇష్టమైన వస్తువులు పంచేయడం, చిన్నచిన్న అప్పులు తీర్చేయడం, బ్యాంకు వివరాలు ఎవరికో అప్పగించడం
- వాట్సాప్ స్టేటస్‌లో వీడ్కోలు ధోరణి, పాత స్నేహితులకు కారణం లేని క్షమాపణలు
- వారాల కుంగుబాటు తర్వాత ఉన్నట్టుండి ప్రశాంతంగా మారిపోవడం

చివరిది చూసి చుట్టుపక్కలవాళ్లు ‘కోలుకున్నాడు’ అని ఊపిరి పీల్చుకుంటారు. కొన్నిసార్లు నిర్ణయం తీసేసుకున్నందువల్ల వచ్చిన ప్రశాంతత అది. కాబట్టి ఆ రోజే అడగాలి.

సందర్భం కూడా చూడండి. ఇంటర్ ఫలితాల వారం, ఉద్యోగం పోయిన నెల, రుణ యాప్‌ల వేధింపు, పంట పోయి అప్పు మిగిలిన ఏడాది, పెళ్లి మాట మీద ఇంట్లో గొడవ. గతంలో ఒకసారి ప్రయత్నం చేసి ఉంటే మిగతా అన్నిటికంటే అదే పెద్ద హెచ్చరిక.

‘ఊరికే బెదిరిస్తున్నాడు’ అని ఎవరో ఒకరు అంటారు. నిజమో కాదో తేల్చడం మీ పని కాదు. అన్నాడు కాబట్టి నిజమనే తీసుకోండి. పొరపాటైతే పోయేది ఒక సాయంత్రం మాత్రమే.

## 3. అడగడం, వినడం

ఈ దశ దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెబుతోంది. సూటిగా అడిగితే చాలామందికి భారం కొంత దిగుతుంది.

చోటు. పదిమంది మధ్య వద్దు, గ్రూప్ కాల్‌లో వద్దు. ఎదురెదురుగా కూర్చోవడం కంటే పక్కపక్కన నడుస్తూ, డాబా మీద కూర్చుని మాట్లాడటం తేలిక. ఇద్దరూ తాగి ఉన్నప్పుడు వద్దు. ఫోను జేబులో పెట్టండి.

మొదలు. చూసిన దానితో ప్రారంభించండి, తీర్పుతో కాదు. ‘రెండు వారాలుగా నువ్వు మెస్సుకే రావడం లేదు. నిన్న మాట్లాడుతూ నేను లేకపోతే మంచిదన్నావు. అది నా మనసులోంచి పోవడం లేదు.’

అసలు ప్రశ్న. ‘చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?’ లేదా ‘ఆత్మహత్య చేసుకోవాలని అనిపిస్తోందా?’ మాట మింగకుండా అడగండి. ‘పిచ్చి పనులేమీ చేయవు కదా’ అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్నలోనే మీకు కావలసిన జవాబు ఉంది. అతను ‘లేదులే’ అంటాడు, ఇద్దరూ ఊరట పడినట్టు నటిస్తారు, సంభాషణ అక్కడితో సరి.

అవునంటే. కాసేపు మౌనంగా ఉండండి. తర్వాత ‘నాకు చెప్పావు, మంచి పని చేశావు. నేను ఇక్కడే ఉన్నాను’ అంటే చాలు. పరిష్కారాలు వెంటనే మొదలుపెట్టకండి. కనీసం పది నిమిషాలు అతనే మాట్లాడనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

తర్వాత అడగవలసిన నాలుగు:

- ఎలా అన్నది కూడా ఆలోచించావా?
- అందుకు కావలసినవి దగ్గర ఉన్నాయా?
- ఎప్పుడు అని ఏమైనా అనుకున్నావా?
- ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా?

ఇవి కుతూహలం కోసం కావు. వీటి జవాబులను బట్టే తర్వాతి భాగంలో ఏమి చేయాలో తేలుతుంది. పద్ధతి గురించి వివరాలు తవ్వకండి. ఉంది, లేదు అన్న జవాబు సరిపోతుంది.

నోట వచ్చేసే కొన్ని మాటలు, వాటి బదులు అనదగినవి:

- ‘నీకేమి తక్కువ?’ బదులు ‘ఇంత బాధ ఉందని నాకు తెలియలేదు. ఎప్పటినుంచి?’
- ‘అమ్మానాన్నల గురించి ఆలోచించావా?’ బదులు ‘ఇంట్లో వీటిలో ఎంతవరకు తెలుసు?’ తాను వాళ్లకు భారమనే అతను నమ్ముతున్నాడు. మీ ప్రశ్న ఆ భారాన్ని ఇంకాస్త పెంచుతుంది.
- ‘ఇంతకంటే కష్టాలు పడినవాళ్లు లేరా?’ దీనికి బదులు ఏమీ అక్కర్లేదు. మానేయండి.
- ‘గుడికి పోదాం, ధ్యానం చెయ్యి.’ దాని మీద అతనికే నమ్మకం ఉంటే తర్వాత తోడు వెళ్లండి. ఈ రాత్రి అడగని సలహా ఇవ్వకండి.

ఒట్టు గురించి విడిగా చెప్పాలి. ‘నా మీద ఒట్టు, చేయనని చెప్పు’ అనడం మనకు చేతికి అందే మొదటి సాధనం. ఒట్టు వేయించుకుంటే మీకు నిద్ర పడుతుందే గానీ అతనికి రక్షణ దొరకదు. పైగా మళ్లీ ఆలోచన వచ్చిన రాత్రి, మాట తప్పానన్న సిగ్గుతో మీకు ఫోను చేయడు. ఒట్టుకు బదులు ఇలా అడగండి: ‘మళ్లీ అలా అనిపిస్తే, ఏ వేళైనా సరే, ముందు నాకు ఫోను చేస్తావా? నేను ఎత్తకపోతే 14416కు చేస్తావా?’

రహస్యం కూడా అంతే. ‘ఎవరికీ చెప్పనని మాట ఇవ్వు’ అంటే ఇవ్వవద్దు. ‘అందరికీ చెప్పను. నీ ప్రాణం విషయంలో మాత్రం ఒంటరిగా మోయలేను. ఎవరికి చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం’ అనండి. కోపం రావచ్చు. రానివ్వండి.

## 4. ఈ రాత్రి

ఆలోచన, ఏర్పాటు, సాధనం, సమయం అన్నీ ఉంటే, లేదా బాగా తాగి ఈ మాటలంటుంటే: ఒంటరిగా వదలకండి. స్నానానికి వెళ్లినా తలుపు గడియ వేసుకోవద్దని చెప్పండి. 112 లేదా 108కు ఫోను చేయండి, లేదా మరొకరిని వెంటబెట్టుకుని ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. బైకు మీద ఒక్కరే తీసుకెళ్లడం వద్దు.

ఇప్పటికే ఏదైనా తీసుకున్నట్టు అనుమానం ఉంటే: లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. ‘బాగానే ఉన్నాను’ అన్నా నమ్మి కూర్చోకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. దానివల్ల హాని పెరగవచ్చు. ఖాళీ డబ్బా, మాత్రల అట్ట ఏది దొరికినా సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వైద్యులకు అది చాలా అవసరం.

కేసు అవుతుందన్న భయంతో ఇళ్లలో విలువైన గంటలు పోతున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 309 సెక్షన్, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆసుపత్రివారు నమోదు కోసం పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు. దానికి జంకి బయలుదేరడం ఆలస్యం చేయకండి.

ఆలోచన ఉంది, ఏర్పాటు లేదు అంటే: ఈ రాత్రి ఎవరో ఒకరు పక్కన ఉండేలా చూడండి. పక్కన కూర్చుని 14416కు ఫోను చేసి స్పీకరులో పెట్టండి. స్నేహితుడి తరఫున మీరు కూడా వాళ్లను సలహా అడగవచ్చు.

ఏర్పాటు ఉన్నా లేకపోయినా తప్పక చేయవలసింది, ప్రమాదకరమైన వస్తువులను దూరం చేయడం. ప్రాణం మీదికి తెచ్చే ఉద్ధృతి చాలామందిలో కొద్ది గంటలే ఉంటుంది. ఆ గంటల్లో చేతికి ఏదీ అందకపోతే మనిషి ఆ గండం దాటుతాడు. ‘ఒకటి తీసేస్తే ఇంకొకటి వెతుక్కుంటాడు’ అనే వాదన వినడానికి తర్కంగానే ఉంటుంది గానీ, చాలామంది అలా వెతుక్కోరు.

ఆ రాత్రికి సరిచూసుకోవలసినవి:

- అతను చెప్పిన దారికి సంబంధించినది ఏదైనా ఇల్లు దాటించారా? దాచడం కాదు, దాటించడం.
- రైతు ఇంట్లో పురుగుమందులు తాళం వేసిన చోటికి, వీలైతే వేరే ఇంటికి చేరాయా? తాళం ఎవరి దగ్గర ఉంది?
- ఇంట్లో అందరి మాత్రలూ ఒకరి ఆధీనంలోకి వచ్చాయా? అమ్మమ్మ బీపీ, షుగరు మాత్రలు సహా.
- మద్యం లేదు కదా?
- పక్కన ఉండేవాళ్లు ఎవరు, ఎప్పటివరకు? వంతులు మాట్లాడుకున్నారా?
- కాస్త తిన్నాడా? నీళ్లు తాగాడా?
- రేపు ఉదయం ఎన్ని గంటలకు, ఎక్కడికి వెళ్లాలో తేలిందా?

## 5. ఇంట్లోవాళ్లకు చెప్పడం

ఎవరికి అన్నది ముఖ్యం. అమ్మానాన్నలే కావాలని లేదు. అక్క, మేనమామ, పిన్ని, పెదనాన్న కొడుకు, ఎవరైనా సరే: విన్న వెంటనే అరవనివారు, ఏడ్చి కూలబడనివారు కావాలి. ‘మీ ఇంట్లో నువ్వు తప్పు చేసినా తిట్టనివాళ్లు ఎవరు?’ అని స్నేహితుడినే అడగండి. ఆ పేరు వెంటనే వస్తుంది.

ఫోనులో చెప్పే తీరు ఇలా ఉంటే పని జరుగుతుంది: ‘అక్కా, నేను వాడి రూమ్మేటుని. వాడు ఇప్పుడు క్షేమంగానే ఉన్నాడు, నా పక్కనే ఉన్నాడు. కొన్నాళ్లుగా చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని చెప్పాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, మీరు రాగలరా? ఇప్పుడు మార్కుల మాట, డబ్బు మాట ఎత్తకండి.’ క్షేమం అన్న మాట ముందు రావాలి. లేకపోతే మిగతాది వాళ్ల చెవికెక్కదు.

18 ఏళ్లలోపు వారైతే పెద్దవాళ్లలో ఒకరికి చెప్పి తీరాలి. ఇందులో బేరం లేదు. ఇల్లే బాధకు మూలమైతే, కొట్టడం, బలవంతపు పెళ్లి, కులాంతర ప్రేమ మీద బెదిరింపులు లాంటివి ఉంటే, ఇంటికి బదులు నమ్మదగిన టీచరునో, మరో బంధువునో పట్టుకోండి. పిల్లలకు 1098, మహిళలకు 181 సహాయ నంబర్లు ఉన్నాయి.

## 6. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం

‘డాక్టరుకు చూపించుకో’ అని చెప్పి ఊరుకుంటే పని జరగదు. కుంగుబాటులో ఉన్నవారికి ఓపీ చీటీ తీసుకోవడమే కొండెక్కడంలా ఉంటుంది. మీరు వెళ్లి క్యూలో నిలబడండి. ‘పిచ్చాసుపత్రికి ఎందుకు’ అంటే పెద్దాసుపత్రిలోని మానసిక విభాగానికి వెళ్లండి. బయటినుంచి చూసేవాళ్లకు అది కూడా మామూలు ఓపీయే.

నిద్ర, తిండి, ఆలోచనలు ఎప్పటినుంచి, వాడుతున్న మందులు, గత ప్రయత్నాలు: ఇవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. గదిలోకి మీరు రావాలా వద్దా అన్నది అతని ఇష్టం.

కుంగుబాటు మందులు పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ‘వారం వాడాను, ఏమీ లేదు’ అని మానేయడం సర్వసాధారణం. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్లలోపు వారిలో, అలజడి గానీ చచ్చిపోవాలన్న ఆలోచనలు గానీ పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. మాత్రలు ఒకేసారి నెలకు సరిపడా అతని చేతిలో ఉంచకండి.

మందుతోపాటు అసలు సమస్యలో ఒక్క ముడి విప్పినా ఊపిరాడుతుంది. ఇంటర్ తప్పితే సప్లిమెంటరీ ఫీజు గడువు మీరు చూసి పెట్టండి. రుణ యాప్ వేధిస్తుంటే బెదిరింపుల స్క్రీన్‌షాట్లు దాచి సైబర్ నేరాల నంబరు 1930కు కలిసి ఫిర్యాదు చేయండి. అప్పు మొత్తం మీరు తీర్చనక్కర్లేదు. ఎవరికి ఎంత అన్నది కాగితం మీద పెట్టించినా మేలే.

## 7. ఒక పేజీ భద్రతా ప్రణాళిక

అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి ఇది, ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. కాస్త తేరుకున్న రోజున, అతని మాటల్లోనే, అతని చేతే రాయించండి. వైద్యుడో కౌన్సెలరో ఉంటే ఇంకా మంచిది.

1. ఉద్ధృతి మొదలవుతోందని నాకు ఎలా తెలుస్తుంది? (రాత్రి రెండింటికి మెలకువ, పాత మెసేజ్‌లు తిరగేయడం...)
2. ఒంటరిగా ఉన్నప్పుడు ఏమి చేస్తే కాస్త తగ్గుతుంది? (తలస్నానం, నడక, ఫలానా పాటలు)
3. ఎక్కడికి వెళ్తే, ఎవరితో ఉంటే మనసు మళ్లుతుంది? (టీ కొట్టు, క్రికెట్ ఆడే మైదానం)
4. సాయం కావాలని ఎవరిని అడగగలను? కనీసం ముగ్గురు, నంబర్లతో.
5. వైద్యుడు, ఆసుపత్రి, 14416.
6. నా చుట్టూ ఏయే వస్తువులు ఉండకూడదు? అవి ఎవరి దగ్గర ఉన్నాయి?

రాసిన కాగితాన్ని ఫోటో తీసి అతని ఫోనులో, మీ ఫోనులో ఉంచండి. నాలుగో వరుసలో మీ పేరు ఒక్కటే ఉంటే ప్రణాళిక పూర్తి కానట్టే.

## 8. తర్వాతి నెలలు

ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన మొదటి వారం, తర్వాతి మూడు నెలలు ఎక్కువ ప్రమాదం ఉన్న కాలం. సరిగ్గా అప్పుడే పరామర్శలు ఆగిపోతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు, ఆసుపత్రినుంచి వెళ్లి తర్వాతి చికిత్స వద్దన్న 843 మందిని రెండు బృందాలు చేశాడు. ఒక బృందానికి అయిదేళ్లపాటు అప్పుడప్పుడు చిన్న ఉత్తరాలు వెళ్లాయి. ‘ఎలా ఉన్నారో అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి’ అన్నంతే వాటి సారాంశం. ఏ సలహా లేదు, ఏ ప్రశ్న లేదు. మొదటి రెండేళ్లలో ఆ బృందంలో ఆత్మహత్య మరణాలు స్పష్టంగా తక్కువ. స్నేహితులకు ఇంతకంటే పనికొచ్చే ఫలితం నాకు మరొకటి కనబడలేదు. మనం రోజుకు వంద ఫార్వర్డులు పంపుతాం. ఒక సొంత వాక్యం రాయడానికి ఎందుకో మొహమాటపడతాం.

- మొదటి వారం: రోజూ ఒకసారి మాట, వీలైతే ముఖాముఖి.
- మొదటి మూడు నెలలు: వారానికి రెండుమూడు సార్లు. ఒకటి కలిసి తినడం.
- ఆ తర్వాత: నెలకు రెండుసార్లయినా, ఏడాది వరకు.
- గుర్తుపెట్టుకోవలసిన రోజులు: ఫలితాల రోజు, పుట్టినరోజు, పోయినవారి సంవత్సరీకం, ఒంటరిగా గడిచే పండగ.

మెసేజ్ జవాబు అడగనట్టు ఉండాలి. ‘మన మెస్సులో ఇవాళ గుత్తివంకాయ. నువ్వు గుర్తొచ్చావు. జవాబు రాయకపోయినా పర్వాలేదు’ సరిపోతుంది. ప్రతిసారీ ‘ఆ ఆలోచనలు తగ్గాయా’ అని అడిగితే మీ ఫోను ఆసుపత్రి ఫోనులా వినిపిస్తుంది. పదిసార్లు మామూలు కబుర్లు చెప్పి, ఒకసారి సూటిగా అడగండి.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారులు

ఫోను ఎత్తడం లేదు. అంతకుముందు అన్న మాటలు ప్రమాదకరంగా ఉంటే గంటలు ఎదురుచూడకండి. దగ్గరలో ఉన్నవారిని తలుపు తట్టమనండి, లేదా 112కు చెప్పండి. నిద్రపోయి ఉంటే తిడతాడు. ఫర్వాలేదు.

‘నువ్వు వదిలేస్తే చచ్చిపోతాను’ అంటున్నాడు. బెదిరింపైనా ప్రమాదం నిజమే కావచ్చు. అతని ఇంట్లోవాళ్లకు, అవసరమైతే 112కు చెప్పండి. ఆ బంధంలో కొనసాగడం మాత్రం చికిత్స కాదు; కొనసాగాల్సిన బాధ్యత మీకు లేదు.

విషయం గ్రూపులో పాకింది. పాకించినవారిని పట్టుకుని ఆపండి, స్నేహితుడికి మీరే ముందుగా చెప్పండి. వేరేవాళ్ల నోట వినకూడదు.

మీరే విసుక్కున్నారు. ‘నిన్న గట్టిగా మాట్లాడాను. అలసిపోయి ఉన్నాను. నీ మీద పట్టింపు తగ్గలేదు’ అని చెప్పి ముందుకు సాగండి.

భారమంతా మీ ఒక్కరి మీదే పడింది. మీ నిద్ర పోతోందంటే అది హెచ్చరికే. వంతులు పంచండి: ఒకరు ఆసుపత్రికి, ఒకరు రాత్రి ఫోన్లకు, ఒకరు ఇంటివారితో మాట్లాడటానికి. మీ కోసం కూడా 14416కు చేయవచ్చు.

## 10. స్నేహితుడు విదేశంలో ఉంటే

మీరు గుంటూరులో, అతను డాలస్‌లో ఉంటే 108 పనికిరాదు. అక్కడి నంబర్లు మీ దగ్గర ఉండాలి: 14416 లాగా మాట్లాడి సాయం తీసుకోవడానికి అమెరికా, కెనడాలలో 988, బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123, ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14. ప్రాణాపాయమైతే అమెరికా, కెనడాలలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000.

- అక్కడి చిరునామా, రూమ్మేటు నంబరు ముందే తీసుకోండి.
- వీడియో కాల్‌లో మాట్లాడుతూనే మరో ఫోనునుంచి రూమ్మేటును పిలవండి.
- మీ దేశంనుంచి 911కు చేస్తే అక్కడికి కలవదు. అతను ఉన్న నగర పోలీసుల పూర్తి ఫోను నంబరు వెతికి పెట్టుకోండి, లేదా అక్కడున్న వారితో 911కు చేయించండి.

అమెరికాలోని విద్యార్థులు కౌన్సెలింగ్‌కు జంకేది వీసా పోతుందేమోనని. విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ గోప్యంగా ఉంటుంది. అనారోగ్యం వల్ల చదవలేకపోతే, వైద్యుడి లేఖతో ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు కోర్సుల భారం తగ్గించుకోవచ్చు, అవసరమైతే ఆ సెమిస్టరు పూర్తిగా మానుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల వరకు ఆ వీలుంది. అయితే కోర్సు వదలక ముందే అంతర్జాతీయ విద్యార్థి కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఆ కార్యాలయానికి రాసే ఈమెయిలు మీరు ఇక్కడినుంచే సిద్ధం చేసి అతనికి పంపవచ్చు. అతను తన పేరుతో పంపితే చాలు.